పూచీ పడ్డ మనిషి

కిందటి వారం లెక్కల టీచరమ్మను మనం కోర్టులో రాజీలు కుదిర్చే గది గుమ్మం దగ్గర వదిలి వచ్చాం. తలుపు తట్టాలా, తోసుకుని వెళ్ళాలా అని ఆవిడ తేల్చుకోలేకపోతూ ఉంది. పాపం, వారం రోజులూ అలాగే నిలబడి ఉందనుకోకండి. వెనక నుంచి అత్తగారు "అడుగు ముందుకెయ్యవే, తప్పు చేసింది మనం కాదుగా" అని చిన్నగా తోసేసరికి తట్టకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

ఈ కథను ఈ వారమే అందుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. టీచరమ్మకు నలభై రెండేళ్ళు. ఆర్నెల్ల కిందట రొమ్ములో గడ్డ తీశారు. గాయం ఎలా మానుతోందో చూడాలి, రోజు విడిచి రోజు ఫోటో తీసి ఉంచమని డాక్టరమ్మ చెబితే, అలాగే తీసి ఫోనులో దాచుకుంది. ఆ ఫోను ఛార్జింగ్ ఎక్కకపోతే, నాలుగు బ్రాంచీలున్న పేరుమోసిన రిపేరు షాపులో ఇచ్చింది. మర్నాటికల్లా ఫోను బాగై వచ్చింది. పదో రోజున ఆ ఫోటోలు, ఆవిడ పేరుతో సహా, పక్కన వెకిలి రాతలతో ఇంటర్నెట్లో ప్రత్యక్షమయ్యాయి. అది షాపులోని ఇద్దరు మెకానిక్కుల పని అని తేలింది. షాపు యజమాని వాళ్ళిద్దరినీ ఆ పూటే పనిలోంచి వెళ్ళగొట్టి చేతులు దులుపుకున్నాడు. టీచరమ్మ పనిచేసే స్కూలువాళ్ళేమో, "మీ తప్పు లేదని ఎవరైనా కాగితం మీద రాసిస్తే పట్టుకురండి, అందాకా సెలవులో ఉండండి" అన్నారు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే మరి. ఇప్పుడు ఆవిడకు కావలసింది ఒకే ఒక్క వాక్యం: 'ఇది మా షాపులో జరిగింది, పూచీ మాది.' ఆ వాక్యం చేతికొస్తే సోమవారం నాడు తన ఎనిమిదో తరగతికి వెళుతుంది. రాకపోతే ఇంట్లో కూర్చుంటుంది, తప్పు చేసినదానిలా.

రాజీ గది చిన్నది. ఒక బల్ల, ఏడు కుర్చీలు, అందులో ఒకటి కుంటిది. ఆ కుంటిది ఎవరి వంతుకొస్తుందా అని అందరూ లోలోపల చూసుకుంటూ ఉండగా అత్తగారు దాన్ని లాక్కుని, దాని కాలి కింద మడిచిన కాగితం పెట్టుకుని, సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుంది. బల్లకు ఆ చివర మధ్యవర్తి, రిటైరైన జడ్జిగారు, చెవిలోని వినికిడి మిషన్ సవరించుకుంటున్నారు. ఆయనకు కుడిపక్కన షాపు యజమాని. మాట్లాడితే చాలు "గ్యారంటీ నాది" అంటాడని మార్కెట్లో ఆయన్ని గ్యారంటీగారు అని పిలుస్తారు. ఆ వేళ మాత్రం ఆ మాట ఆయన నోట రావడం లేదు. పక్కనే ఆయన తరఫు లాయరు, బంగారు రంగు కళ్ళద్దాల మనిషి. టీచరమ్మ పక్కన ఆవిడ లాయరమ్మ. పాత ఫైళ్ళ దుమ్ము పడక అస్తమానం తుమ్ముతూ ఉంటుంది కానీ, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ఆవిడ వేసే ప్రశ్న ఎప్పుడూ గురి తప్పదు.

టీచరమ్మ చెయ్యి బల్ల కింద దాచుకుని వేళ్ళు లెక్కపెట్టుకుంది. ఈ కష్టం మొదలైనప్పటి నుంచీ ఆవిడకు అదొక అలవాటు. తనకు మేలు చేసినవాళ్ళకు తలా ఒక వేలు. చిటికెన వేలు పాత విద్యార్థిది. ఇప్పుడు టైర్ల కొట్టు నడుపుకుంటున్నాడు. అందరికంటే ముందు ఫోన్ చేసింది అతనే. "టీచర్, పేరు చూడగానే మూసేశాను. నేనేం చూడలేదు. కానీ మీకు తెలియకపోతే ఎట్లా అని చేశాను" అన్నాడు. ఆ రోజు కొట్టు మూసుకుని సాయంత్రం దాకా ఫిర్యాదు మీద ఫిర్యాదు పెట్టి ఆ ఫోటోలు తీయించింది కూడా అతనే. పక్క వేలు డాక్టరమ్మది. నడిమి వేలు భర్తది. ఆయన బస్సు డ్రైవరు, మాటలు తక్కువ మనిషి. రోజూ పొద్దున్నే తనే వెతికి, "ఇవాళ కొత్తగా ఏం రాలేదు" అని చెప్పి మరీ డ్యూటీకి వెళతాడు. చూపుడు వేలు అత్తగారిది. ఆవిడ ఈ విషయంలో కోడల్ని ఇప్పటి వరకూ ఒక్క ప్రశ్న అడగలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఒక్క ప్రశ్న కూడా అడగలేదంటే అదేమన్నా మామూలు సంగతా! బొటనవేలు ఇంకా ఖాళీగానే ఉంది.

కళ్ళద్దాల లాయరు గొంతు సవరించుకున్నాడు.

"ఈ మేడంగారికి జరిగింది చాలా ఘోరం సార్. అందులో రెండో మాట లేదు. మావాళ్ళు కూడా చాలా బాధపడ్డారు. కానీ మా షాపులో గోడ మీద ఇంత బోర్డుంది, 'కస్టమర్ల సొంత ఫోటోలు చూడరాదు' అని. ఇదిగో, బోర్డు ఫోటో తెచ్చాం. చూడొద్దన్నాక కూడా చూశారంటే అది ఆ ఇద్దరి సొంత వెధవ పని. బస్సు నడుపుతూ డ్రైవరు ఎవరినైనా గుద్దాడనుకోండి, పూచీ కంపెనీది. అదే డ్రైవరు బస్సు దిగి ఎవడితోనో కొట్లాడితే కంపెనీకేం సంబంధం?"

"మా అబ్బాయి బస్సు డ్రైవరే బాబూ," అంది అత్తగారు. "వాడు దిగినా ఎవరినీ కొట్టడు."

జడ్జిగారు నవ్వు ఆపుకుని వినికిడి మిషన్ మళ్ళీ సవరించుకున్నారు. లాయరమ్మ తుమ్మింది.

"బస్సు తాళాలు ఎవరిచ్చారు లాయరుగారూ? మా టీచరమ్మగారు ఇచ్చింది ఛార్జింగ్ పిన్ మార్చమని. పిన్ మార్చడానికి ఫోను తెరవడానికున్న కోడ్ ఎందుకు?"

"టెస్టింగ్ కోసం. అందరూ అడుగుతారు. తెరిస్తేనే కదండీ పనిచేస్తోందో లేదో తెలిసేది."

"తెరిచి, ఫోటోల దాకా ఎందుకు వెళ్ళారు?"

"అదే కదా నేను చెప్పేది. షాపు వెళ్ళమనలేదు. దొంగబుద్ధితో వాళ్ళే వెళ్ళారు, వైరు పెట్టి కాపీ చేసుకున్నారు. షాపు వెళ్ళమన్నదని మీ దగ్గర ఆధారం ఉంటే చూపించండి."

లాయరమ్మ దగ్గర ఆధారం లేదు. ఆవిడ ఫైలు తిరగేసింది, ఊరికే తిరగేస్తోందని టీచరమ్మకు అర్థమైంది. జవాబు రాని పిల్లలు పలక మీద చేత్తో రుద్దుతూ ఉంటారే, అలా ఉంది ఆవిడ తిరగేయడం. సోమవారం, ఎనిమిదో తరగతి, నల్లబల్ల, అన్నీ దూరంగా వెళ్ళిపోతున్నట్టనిపించింది.

"ఒక మాట చెప్పనా?" అంది ఆవిడ. ఇంతవరకూ ఆవిడ నోరు విప్పలేదు కాబట్టి అందరూ అటు తిరిగారు. "ఆ ఫోటోలు నేను ఒకే ఒక్కసారి చూశాను. చూడక తప్పలేదు, నావో కావో చెప్పమన్నారు పోలీసులు. అవి నేను తీసినట్టు లేవండీ. ఏటవాలుగా ఉన్నాయి. అంచున ఎవరిదో బొటనవేలు ఉంది. కింద పచ్చటి రబ్బరు చాప కనిపిస్తోంది. వైరుతో కాపీ చేస్తే బొటనవేలు ఎలా వస్తుంది?"

గ్యారంటీగారు ఎవరూ ఏమీ అనకముందే రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. అది చూసింది అత్తగారు ఒక్కతే.

సరిగ్గా అప్పుడే తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. వచ్చింది షాపులో కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయి. షాపు పేరు కుట్టిన నీలం చొక్కా వేసుకుని ఉంది, చంకలో పొడుగాటి లావుపాటి పుస్తకం. మెట్లు పరుగున ఎక్కి వచ్చిందేమో, రొప్పుతోంది.

"నువ్వేంటిక్కడ? కౌంటర్లో ఎవరున్నారు?" అన్నాడు గ్యారంటీగారు, అలవాటు కొద్దీ.

"మూసేసి వచ్చాను సార్," అంది ఆ అమ్మాయి. తరవాత జడ్జిగారి వైపు తిరిగి, "నేను మాట్లాడొచ్చాండీ? పిలవకపోయినా వచ్చాను" అంది.

"ఆ పుస్తకం కంపెనీది. దొంగతనంగా..." అంటూ లేచాడు కళ్ళద్దాల లాయరు.

"దొంగతనం కాదండీ. ఇది నాకప్పగించింది సారే. రెండేళ్ళుగా రోజూ ఇంటికి కూడా నేనే తీసుకెళ్తున్నాను, ఎలుకలు కొరుకుతున్నాయని."

జడ్జిగారు కూర్చోమని చెయ్యి చూపించారు. కుర్చీలు నిండిపోయాయనుకుని ఆ అమ్మాయి నిలబడే పుస్తకం తెరిచింది. పేజీ నిండా పసుపు చీటీలు, పేజీకి ఆరు చొప్పున అంటించి ఉన్నాయి. షాపులోకి వచ్చిన ప్రతి ఫోను వెనకా ఆవిడ ఒక పసుపు చీటీ అంటిస్తుంది. పేరు, నంబరు, జబ్బేమిటి, కోడ్ ఎంత. ఫోను ఇచ్చేసేటప్పుడు ఆ చీటీ ఊడదీసి పుస్తకంలో అతికిస్తుంది. తరవాత ఎవరైనా గొడవకొస్తే చూపించడానికని.

"ఇది మేడంగారి చీటీ. ఛార్జింగ్ పిన్. కింద చూడండి, 'ఓకే వీడియో అయింది' అని రాశాను. నా చేత్తోనే రాశాను."

"ఓకే వీడియో అంటే?" అన్నారు జడ్జిగారు.

ఆ అమ్మాయి ఒక్క క్షణం గ్యారంటీగారి వైపు చూసి, మళ్ళీ పుస్తకంలోకి చూసింది.

"రిపేరు అయ్యాక ప్రతి ఫోనుకీ ఒక వీడియో తియ్యాలండీ, షాపు ఫోనుతో. ఫోను తెరిచి, కాల్ చేసి, పాట పెట్టి, ఆఖరున ఫోటోల్లోకి వెళ్ళి వేలితో పైనుంచి కిందదాకా జరుపుతూ తియ్యాలి. రంగులు బాగున్నాయి, స్క్రీన్ అంతా పనిచేస్తోంది అని సాక్ష్యం. అది లేకుండా ఫోను ఇవ్వకూడదు. లోపల పచ్చ చాప వేసిన బల్ల మీద పెట్టి తీస్తారు. వాళ్ళిద్దరూ మేడంగారి ఫోటోలు దొంగిలించలేదండీ. వాళ్ళ చేత తీయించాం. ఆ వీడియో ఆపి ఆపి ఫోటోలు చేసుకున్నారు, అంతే."

బోర్డు మీద చూడరాదు, బల్ల మీద చూసి తీరాలి! తాళం వేసి గొళ్ళెం మరిచినా ఒక అందం. వీళ్ళు తలుపు బార్లా తెరిచిపెట్టి, పక్కన గోడకు తాళంకప్ప తగిలించారు.

"నువ్వు అభ్యంతరం చెప్పలేదామ్మా?" అన్నారు జడ్జిగారు.

"ఒకసారి చెప్పానండీ. నీ కౌంటర్ నువ్వు చూసుకో అన్నారు. చూసుకున్నాను." ఆ అమ్మాయి పుస్తకం బల్ల మీద పెట్టింది. ఇప్పుడు టీచరమ్మ వైపు తిరిగింది. "మేడం, ఆ రోజు ఫోను ఇస్తూ మీరొక మాటన్నారు. 'డాక్టరుగారికి చూపించాల్సినవి ఉన్నాయమ్మా, జాగ్రత్త' అన్నారు. గుర్తుందా? నేను 'భయపడకండి, నాది పూచీ' అన్నాను. వచ్చిన ప్రతివాళ్ళకీ అంటాను ఆ మాట. నోటికి అలవాటు. కానీ అన్నది నేను. సారు పడతారా, కంపెనీ పడుతుందా నాకు తెలీదు. నా మాటకి నేను పడాలి కదా."

టీచరమ్మకు ఆ మాట గుర్తు లేదు. ఒట్టు, గుర్తు లేదు. దేనికో తొందరలో ఉంది ఆ రోజు, ఈ అమ్మాయి ముఖం కూడా సరిగ్గా చూడలేదు. చూడని మనిషి తన కోసం షాపు మూసుకుని, ఉద్యోగం పోగొట్టుకోవడానికి సిద్ధపడి, మెట్లెక్కి వచ్చింది. ఆవిడకు ఏడుపొచ్చింది. ఆర్నెల్లుగా ఏడ్చిన ఏడుపు కాదు అది, వేరే. ఇన్నాళ్ళూ ఊరంతా తనను చూసి నవ్విందనే అనుకుంటూ వచ్చింది. ఊళ్ళో ఇలాంటివాళ్ళు కూడా ఉన్నారనుకుంటూ బల్ల కింద బొటనవేలు మడిచి గట్టిగా పట్టుకుంది.

"కుర్చీ ఇవ్వండి పిల్లకి," అంది అత్తగారు. ఎవరూ కదలకపోతే తనే లేచి, "ఇదిగో తల్లీ, ఇది కొంచెం ఊగుతుంది, జాగ్రత్తగా కూర్చో" అని తన సింహాసనం ఇచ్చేసి, మంచినీళ్ళ సీసా మూత తీసి చేతిలో పెట్టింది. గోడ పక్కన ఇంకో కుర్చీ ఖాళీగానే ఉందని ఆవిడకు తెలుసు. ఇవ్వడమంటే ఉన్నది ఇవ్వడమని ఆవిడ లెక్క.

"ఈ నియమం పెట్టిందెవరు?" అన్నారు జడ్జిగారు.

గ్యారంటీగారు లాయరు వైపు చూశాడు. లాయరు చూపుతోనే వద్దన్నాడు. ఆయన మళ్ళీ మెడ తుడుచుకుని, రుమాలు మడిచి, జేబులో పెట్టి, "నేనే సార్" అన్నాడు.

"నేను స్క్రీనే చూశాను గానీ..." అని ఆగి, టీచరమ్మతో అన్నాడు, "స్క్రీన్ మీద ఎవరుంటారో ఆలోచించలేదమ్మా. రెండేళ్ళ కిందట ఒకతను బాగుచేసి ఇచ్చిన ఫోను పగలగొట్టుకొచ్చి, మీరే పగలగొట్టారని పదిమందిలో పరువు తీశాడు. అప్పుడు పెట్టాను ఈ రూలు. నా పరువు కోసం పెట్టుకున్నాను."

"నా కోడలి ఒంటి మీద కత్తిగాటు చూసి మేం దేవుడికి దండం పెట్టుకున్నాం నాయనా, బతికి బయటపడిందని," అంది అత్తగారు. ఇంతసేపూ లేని నెమ్మది ఆవిడ గొంతులోకి వచ్చింది. "నీ పనివాళ్ళు దాన్ని చూసి నవ్వుకున్నారు. నీ రూలు చూపించకపోతే చూసుండేవాళ్ళు కాదు."

ఆయన తల వంచుకున్నాడు.

కళ్ళద్దాల లాయరు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "ఒక్క నిమిషం సార్. అసలీ పుస్తకం నమ్మదగిందో లేదో చూడాలి. తేదీలు వరసగా ఉన్నాయా, నిన్న రాత్రి అంటించినవా..." అంటూ పుస్తకం తనవైపు లాక్కుని పేజీలు తిప్పసాగాడు. ఒకటి, రెండు, పది పేజీలు. తేదీలు వరసగానే ఉన్నాయి. కిందటి నెల పేజీల్లోకి వచ్చాడు. అక్కడ ఆయన వేలు ఆగింది. ఒక చీటీ చదివాడు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చదివాడు. చీటీలో ఉన్న పేరు ఆయన కూతురిది. స్క్రీన్ మార్చారు. 'ఓకే వీడియో అయింది.' తనే స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాడు ఆ ఫోను, మన క్లయింటు షాపే కదా అని.

ఆయన పుస్తకం మూయలేదు. జేబులోంచి తన కలం తీసి గ్యారంటీగారి ముందు పెట్టాడు.

"రాసెయ్యండి."

"ఏం రాయమంటారు?"

"ఆవిడ అడిగిందే రాయండి. మా షాపులో జరిగింది, పూచీ మాది. ఒక్క అక్షరం తగ్గించకుండా."

ఆయన రాశాడు. పెద్ద పెద్ద అక్షరాలు, చీటీ మీద రాసినట్టు. 'ఆ అమ్మగారి తప్పు ఏమీ లేదు' అని అడగని వాక్యం కూడా ఒకటి కింద చేర్చాడు. జడ్జిగారు సంతకం చేసి, ముద్ర వేసి, ఆరేదాకా ఊది టీచరమ్మ చేతికిచ్చారు. ఆవిడ రెండు చేతులతో పుచ్చుకుంది. సోమవారం వచ్చేసింది. అందరికీ దండం పెట్టాలనిపించింది. జడ్జిగారికీ, తుమ్ముతున్న లాయరమ్మకీ, చివరికి ఆ గ్యారంటీగారికి కూడా. తప్పు ఒప్పుకోవడం ఎంత బరువో రోజూ నలభైమంది పిల్లల చేత ఒప్పించే మనిషికి తెలియదా! కానీ ముందు వెళ్ళింది కౌంటర్ అమ్మాయి దగ్గరకే.

"నీ మాట నాకు గుర్తు లేదమ్మా," అంది నిజాయితీగా. "ఇక మరిచిపోను."

ఆ అమ్మాయి ఏదో అనబోయింది. కానీ ఈలోపల కళ్ళద్దాల లాయరు అడిగాడు, గొంతు ఎవరిదో అన్నంత చిన్నగా అయిపోయింది.

"ఈ వీడియోలన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయి?"

"షాపు ఫోనులో," అన్నాడు గ్యారంటీగారు.

"ఆ ఫోను ఎక్కడుంది?"

"డ్రాయర్లో ఉండాలి..."

"లేదు సార్," అంది కౌంటర్ అమ్మాయి. "అది చెప్పాలనే పొద్దున మీకు మూడుసార్లు ఫోన్ చేశాను. డ్రాయర్ తాళం వేసే ఉంది. ఫోను మాత్రం లేదు."

"డ్రాయర్ తాళంచెవులు ఎన్ని?" అన్నారు జడ్జిగారు.

"రెండండీ. ఒకటి నా దగ్గర. ఒకటి మెకానిక్కుల దగ్గర."

"వాళ్ళని తీసేసినప్పుడు తాళంచెవి వెనక్కి తీసుకున్నారా?"

ఆ పూట గ్యారంటీగారు చేతులు దులుపుకోవడంలో మహా తొందరగా ఉన్నాడు మరి. తాళంచెవి అడగలేదు.

టీచరమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. తన పని అయిపోయింది, ఇక ఇంటికి వెళ్ళిపోవచ్చు. అత్తగారు అప్పటికే సీసా మూత బిగిస్తోంది. కానీ టీచరమ్మ కళ్ళు ఆ పుస్తకం మీదే ఉన్నాయి. లెక్కల మనిషి కదా, లెక్క దానంతటదే వచ్చేసింది. పేజీకి ఆరు, నిండిన పేజీలు నూట డెబ్బైకి తక్కువ ఉండవు. వెయ్యిమందికి పైనే. వాళ్ళెవరికీ ఇంకా తెలియదు.

"నా కూతురికి నేను చెప్పుకుంటాను," అన్నాడు లాయరు. "మిగతావాళ్ళకి ఎవరు చెబుతారు?"

టీచరమ్మకు టైర్ల కొట్టు కుర్రవాడి గొంతు గుర్తొచ్చింది. మీకు తెలియకపోతే ఎట్లా అని చేశాను, టీచర్. ఆ ఒక్క ఫోను ఆ రోజు రాకపోయి ఉంటే తను ఏమైపోయేదో ఆవిడకు తెలుసు.

ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుని కూర్చుంది. జడ్జిగారి వైపు చూసింది. ఆయన తల ఊపారు. పుస్తకం మొదటి పేజీ తీసి, మొదటి పసుపు చీటీ మీది నంబరు తన ఫోనులో నొక్కింది. నాలుగుసార్లు మోగాక అవతల ఒక ఆడగొంతు, సంతోషంగా, ఏమీ తెలియకుండా పలికింది.

"హలో, ఎవరండీ?"